మా పెద్దమ్మ నిద్రపోలేదు

ముందే చెప్పేస్తున్నాను. మా పెద్దమ్మ నిద్రపోలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆటలో, ఐదో అంకంలో, హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా రాజు వేషం వేసే మహారాజుగారు నోరు తెరిచి, మాట రాక, కొయ్యబారి నిలబడిపోయినప్పుడు మా పెద్దమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒళ్ళో పుస్తకం తెరిచే ఉంది. నోరు కూడా తెరిచే ఉంది. ఈ సంగతి తెలియనివాళ్ళు "పాపం, వయసు మీద పడింది, కునుకు పట్టినట్టుంది" అని జాలిపడ్డారు. తెలిసినవాళ్ళు నేలచూపులు చూశారు. వాళ్ళందరి మీదా నాకు కోపమే. ఎవరి మీద ఎంత కోపమో వరసగా చెబుతాను, నాకేమీ తొందర లేదు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. నాటకశాలలో ప్రాంప్టరు. రంగస్థలానికి ఎడమ పక్కన, జనానికి కనబడని చాటులో, ఒక కుర్చీలో కూర్చుని, నటులు మాట మరిచిపోతే అందించడం ఆవిడ ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్ళు అదే కుర్చీ. అదే నాటకశాలలో పై అంతస్తున దుస్తుల గది ఉంది. అందులో నేను సూదీ దారం పట్టుకుని, చిరిగిన రాజవస్త్రాలకు అతుకులు వేస్తుంటాను. పెద్దనాన్న పోయినప్పటి నుంచి పెద్దమ్మ మాతోనే, మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఉంటోంది.

మా తాతయ్య అచ్చాఫీసులో తిరగేసి ఉండే సీసపు అక్షరాలు పేర్చేవాడు. ఆ పక్కన కూర్చునే పెద్దమ్మ చదవడం నేర్చుకుంది. అందుకని పుస్తకం తలకిందులుగా పెట్టినా, అద్దంలో చూపించినా గడగడా చదివేస్తుంది. చిన్నప్పుడు గొంతుకు ఏదో జబ్బు చేసి స్వరం సగం పోయింది. మిగిలిన సగంతోనే పంతొమ్మిదో ఏట వేషం కోసం నాటకశాలకు వచ్చింది. అప్పటి దర్శకుడు రెండు వాక్యాలు విని, "నీ గొంతు మొదటి వరుస దాటదమ్మాయ్" అన్నాడట. "పోనీ నటుడి దాకా వెళితే చాలదా అండీ?" అని అడిగిందట ఈవిడ. ఆయన నవ్వి ఉద్యోగం ఇచ్చాడు. ముందు పన్నెండేళ్ళు పాత్రల మాటలు విడివిడి కాగితాల మీద రాసిపెట్టే పని, ఆ తర్వాత కుర్చీ.

ప్రాంప్టింగ్ అంటే పుస్తకం చూసి చదవడం అనుకుంటారు. చదవడానికేం, ఎవరైనా చదువుతారు. నటుడు కావాలని ఆగడానికీ, మరిచిపోయి ఆగడానికీ తేడా అర ఊపిరి. ఆ అర ఊపిరిలో తేల్చుకోవాలి. మాట ముందుగా అందిస్తే నటుడికి కోపం, ఆలస్యమైతే జనానికి నవ్వు. పైగా వాక్యమంతా అందించకూడదు. మొదటి మాట ఒక్కటే. "మొదటి మాట నాది, మిగతాది వాళ్ళది. అంతా నేనే చెప్పేస్తే ఇక వాళ్ళెందుకు, ఆ కిరీటమేదో నాకే పెట్టేయండి" అనేది పెద్దమ్మ.

ఈ అలవాటు ఇంట్లో కూడా పోలేదు. ఒకసారి మా అమ్మకూ ఆవిడకూ కిటికీ తలుపు గురించి పెద్ద రగడ. అమ్మ ఉక్రోషం పట్టలేక, "నువ్వొక... నువ్వొక..." అంటూ మాట దొరక్క ఆగిపోయింది. పెద్దమ్మ వెంటనే, "మొండిదాన్ని" అని మెల్లగా అందించింది. "ఆ, మొండిదానివి!" అంది అమ్మ. అంతటితో ఇద్దరూ నవ్వేశారు. ఇలాంటి మనిషి నిద్రపోయిందట, ఐదో అంకంలో.

నాటకం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నా కోపంలో కొంత దాని వాటా. మా నాటకశాలకు అన్నం పెట్టేది ఆ ఒక్క పాత నాటకమే. ఒక రాజును సొంత తమ్ముడు మోసం చేసి అడవికి తోలేస్తాడు. రాజు అక్కడ మంత్రవిద్య నేర్చుకుంటాడు. ఆ మంత్రంతో తమ్ముడి గొంతు లాగేసుకుంటాడు. పన్నెండేళ్ళు ఆ తమ్ముడు సింహాసనం మీద మూగవాడై కూర్చుంటాడు. చివరి అంకంలో ఇద్దరూ ఎదురవుతారు. వేదికంతా చీకటి చేసి రాజు ఒక్కడి మీదే వెలుగు వేస్తారు. రాజు నాలుగు వాక్యాలు చెప్పి తమ్ముడి గొంతు తిరిగి ఇచ్చేస్తాడు. తమ్ముడి నోట వచ్చే మొదటి మాట, "క్షమించు." రాజు చెయ్యెత్తి, "క్షమించాను" అంటాడు. మంత్రదండం విరిచి పారేస్తాడు. హాలు హాలంతా కళ్ళు తుడుచుకుంటుంది.

నేను మాత్రం ఎప్పుడూ తుడుచుకోలేదు. తమ్ముడు చేసింది తప్పే, కాదనను. కానీ ఒక మనిషి గొంతు పన్నెండేళ్ళు లాగేసుకుని, తిరిగిచ్చేటప్పుడు కూడా పెద్దమనిషి అనిపించుకోవడం ఏం న్యాయం? ఆ రాజు ఎవరినీ క్షమాపణ అడగడు. అడగాలని రాసినవాడికి తోచలేదు, ఆడేవాడికి తోచలేదు, చూసేవాళ్ళకూ తోచలేదు. ఈ మాట ఒకసారి దుస్తుల గదిలో అంటే, "నీ పని గుండీలు కుట్టడం" అన్నాడు మా మేనేజరు.

ఆ రాజు వేషం వేసేది మహారాజుగారు. అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఎక్కడా వినబడదు. ఇరవై నాలుగేళ్ళుగా ఆ కిరీటం ఆయనదే. వేదిక దిగినా కిరీటం దిగదు. ఆయన వస్తుంటే నడవలో మనం గోడకు అంటుకుపోవాలి. టీ చల్లారితే కప్పు గోడకేసి కొడతాడు. నటుడు మాత్రం గొప్పవాడు, ఆ మాట అనకపోతే నాకు పాపం తగులుతుంది. ఆయన "క్షమించాను" అంటే ఆఖరి వరుసలో టికెట్లు చింపే మనిషి కూడా తనకు తెలియకుండా తల వంచుకుంటాడు. ఇంత గొప్పవాడికీ ఆ చివరి నాలుగు వాక్యాలూ ఎప్పుడూ సరిగా దొరకవు. ప్రతి నటుడికీ పాత్రలో ఎక్కడో ఒక గుంట ఉంటుందట. పెద్దమ్మ పుస్తకంలో ఆ నాలుగు వాక్యాల చుట్టూ పెన్సిలు గీత గీసి ఉండేది. ప్రతి ఆటలోనూ అక్కడ ఆయన తల కొద్దిగా ఎడమకు తిప్పేవాడు, పెద్దమ్మ మొదటి మాట అందించేది. జనానికి అది రాజు ఆలోచిస్తున్నట్టు కనిపించేది.

ఏడేళ్ళ కిందట పెద్దమ్మ ఒక సంగతి కనిపెట్టింది. నడవలో మహారాజుగారిని వెనక నుంచి రెండుసార్లు పిలిచింది. ఆయన తిరగలేదు. వేదిక మీద ఆయన తనవైపు చూస్తున్నప్పుడు మాత్రమే మాట అందుకుంటున్నాడని, మొహం తిప్పుకుంటే అందుకోవడం లేదని ఆ తర్వాత గమనించింది. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది పోతోంది. ఎవరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది? ఆయన మాట్లాడుతుంటాడు, మనం వింటుంటాం. మహారాజులకు వినే పని ఎక్కడుంటుంది కనుక!

పెద్దమ్మ ఆయనతో ఏమీ అనలేదు. తన కుర్చీ రెండడుగులు ముందుకు జరుపుకుంది. పుస్తకం మీద పడే చిన్న దీపాన్ని పైకి వంచి, వెలుగు తన మొహం మీద పడేలా పెట్టుకుంది. నాటకశాల దీపాలు చూసే కరెంటాయన ఎందుకని అడిగితే, "కళ్ళు సరిగా ఆనడం లేదు నాయనా" అని అబద్ధమాడింది. ఆ తర్వాత మాటలు చెవికి అందించడం మానేసి, పెదవులతో చూపించడం మొదలుపెట్టింది. అంతటి మనిషి అద్దం ముందు కూర్చుని, పెదవులు సాగదీసి, గుండ్రంగా చుట్టి సాధన చేసేది. నేను నవ్వితే, "పళ్ళు నొప్పిగా ఉంటేనూ" అనేది. మహారాజుగారు ఆవిడ పెదవులు చూసేవాడు, మాట అందుకునేవాడు. ఏడేళ్ళు, వందల ఆటలు ఇలాగే జరిగాయి. ఆయన ఒక్కసారి కూడా "నీకు తెలుసా" అని అడగలేదు, ఈవిడ "నాకు తెలుసు" అని చెప్పలేదు.

ఇక ఆ ఆదివారం. పెద్ద పెద్దవాళ్ళను పిలిచిన ఆట. ఐదో అంకంలో వేదిక చీకటి చేశారు. మహారాజుగారి మీద వెలుగు పడింది. ఆయన చెయ్యెత్తి, తల కొద్దిగా ఎడమకు తిప్పాడు. సరిగ్గా అప్పుడే పెద్దమ్మ చిన్న దీపం టప్పున ఆరిపోయింది. బల్బుకు కాలం తీరింది, అంతే. అందులో ఎవరి తప్పూ లేదు.

పెద్దమ్మ మొదటి మాట అందించింది. చీకట్లో పెదవులెవరికి కనబడతాయి? గుసగుసగా అంది, కొంచెం పైకి అంది, చివరికి ఉన్న సగం గొంతంతా పెట్టి అంది. వేదిక మీద తమ్ముడి వేషం వేసిన నటుడికి స్పష్టంగా వినిపించింది. మహారాజుగారు చీకట్లోకి చూస్తూ అలాగే నిలబడ్డాడు. పై వరుసల్లోంచి ఎవడో ఈల వేశాడు. తెర దించేశారు.

తెర నేలకు తాకిందో లేదో, మహారాజుగారు అందరి ముందూ వేలెత్తి చూపించాడు. "నిద్రపోయింది" అన్నాడు.

ఆ ఒక్క మాటే. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదని సామెత. ఇక్కడ మద్దెలకు నోరుంది, అయినా అది పలకలేదు. "లేదండీ, దీపం ఆరిపోయింది" అని మాత్రం అంది పెద్దమ్మ. "దీపం ఆరితే నోరెందుకు ఆరింది?" అన్నాడు మేనేజరు. దానికి జవాబు ఆవిడ దగ్గర ఉంది. ఆ జవాబు చెప్పాలంటే ఇంకొకరి చెవుల సంగతి బయటపెట్టాలి. ఆవిడ మహారాజుగారి వంక చూసింది. ఆయన కిరీటం తీసి దుమ్ము దులుపుకుంటున్నాడు. తమ్ముడి వేషగాడు తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు. కరెంటాయన పాపం, ఆవిడకు సాయం చేస్తున్నాననుకుని, "ఆవిడకు కళ్ళు కూడా సరిగా ఆనవు కదండీ" అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

మర్నాటి నుంచి పెద్దమ్మను గొడుగుల గదిలో వేశారు. నాటకానికి వచ్చేవాళ్ళ గొడుగులు, కోట్లు తీసుకుని బిళ్ళ ఇచ్చి, ఆట అయ్యాక బిళ్ళ తీసుకుని గొడుగు ఇచ్చే గది అది. పెద్దమ్మ గొడుగులు తీసుకుంటుంటే వాళ్ళు ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు గుసగుసలాడేవాళ్ళు. "ఈవిడే, ఆ నిద్రపోయిందే, ఆవిడే." ఒక తల్లి తన పిల్లతో, "బిళ్ళ జాగ్రత్త, ఈవిడ నిద్రపోతే మన గొడుగు పోతుంది" అనడం నా చెవులారా విన్నాను. పెద్దమ్మ కూడా విన్నది. గొడుగు తడి దులిపి, మూలన నిలబెట్టింది.

ఆ రోజు ఇంటికి వచ్చి నేను శివాలెత్తిపోయాను. "నువ్వు మాట్లాడవేం పెద్దమ్మా? ముప్పై ఒక్క ఏళ్ళు చాకిరీ చేసి ఇదా? నోట్లో నాలుక లేదా నీకు?" అని అరిచాను. అప్పుడు చెప్పింది, ఏడేళ్ళ సంగతంతా. ముందు నా చేత ఒట్టు వేయించుకుని మరీ చెప్పింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అయితే ఇన్నాళ్ళూ చెవిటివాడి ముందు శంఖం ఊదావన్నమాట!"

"ఆ మాట అనకు" అంది పెద్దమ్మ కటువుగా. "చెవుడు తప్పు కాదే. అబద్ధం తప్పు."

"మరి ఆ అబద్ధం గురించే చెప్పు అందరికీ."

"నటుడి లోటు ప్రాంప్టరు దగ్గర దాచుకున్న సొమ్ములాంటిది. కోపమొచ్చిందని ఎవరైనా బజార్లో పారబోస్తారా? నేను పారబోస్తే ఆ కుర్చీలో ముప్పై ఏళ్ళు కూర్చున్నది ఎందుకు?"

"మరి నీ పేరో?"

పెద్దమ్మ కంచం పక్కకు నెట్టేసింది. ఆ పూట అన్నం ముట్టలేదు. పేరు పోయినందుకు ఆవిడ ఎంత కుమిలిపోయిందో నాకు తెలుసు. ఏడవదు, అదొక్కటే. ఒకరోజు మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని ఉంటే అమ్మ దుప్పటి కప్పబోయింది. "నేను నిద్రపోవడం లేదు!" అని ఉలిక్కిపడి అరిచింది. అప్పటి నుంచి పగలు నడుం వాల్చడం మానేసింది.

ఒక సాయంత్రం తమ్ముడి వేషగాడు గొడుగు కోసం వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"అమ్మా, ఆ రోజు మీరు అందించిన మాట నాకు వినిపించింది" అన్నాడు గొంతు తగ్గించి.

"వినిపించిందా నాయనా" అంది పెద్దమ్మ.

"మరి అప్పుడే చెప్పలేదేం?" అన్నాను నేను.

"పిల్లలు గలవాణ్ణమ్మా" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. బాగానే ఉంది. పిల్లలున్నవాళ్ళంతా నోరు మూసుకుంటే ఇక నిజం చెప్పే పని పిల్లలు లేనివాళ్ళదేనా?

పెద్దమ్మ కుర్చీలోకి మేనేజరు తన బావమరిదిని తెచ్చి కూర్చోబెట్టాడు. ఆయనకు అర ఊపిరి లెక్కలేమీ లేవు. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని సంతలో బేరమాడినట్టు అరిచేవాడు. మాట జనానికి ముందు వినబడేది, మహారాజుగారికి అసలు వినబడేది కాదు. ఒకసారి పై వరుసల్లో ఒకడు, "మహారాజా, ఆయనేదో చెబుతున్నాడు వినండి" అన్నాడు. హాలంతా నవ్వు. చివరి నాలుగు వాక్యాలూ తీసేశారు. తర్వాత ఇంకో పేజీ తీసేశారు. నాటకం కురచైపోయింది, టికెట్లూ పలచబడ్డాయి. అప్పటికి ఐదువందలో ఆట దగ్గర పడుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది మహారాజుగారికి, క్షమ అనే గుణం.

ఆయన గొడుగుల గదికి వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళలో ఆ గది గుమ్మం ఎన్నడూ తొక్కలేదు. నేను కోట్ల వెనక నిలబడి గుండీ కుడుతున్నాను, ఆయన నన్ను చూడలేదు. చూసినా లెక్కలేదు.

"ఐదువందలో ఆట అయ్యాక నిన్ను వేదిక మీదికి పిలుస్తాను" అన్నాడు. "తమ్ముడు నిలబడే చోట నిలబడు. నాటకంలో లాగే, ఒక్క మాట, 'క్షమించు' అను. నేను 'క్షమించాను' అంటాను. జనం కరిగిపోతారు. మర్నాటి నుంచి నీ కుర్చీ నీదే. మేనేజరుతో మాట్లాడాను."

పెద్దమ్మ గొడుగు కింద పెట్టి, ఆయనకు కనబడేలా మొహం తిప్పి, నెమ్మదిగా అంది. "నేను నిద్రపోలేదని మీకు తెలుసు కదండీ."

ఆయన ఆవిడ పెదవులు చూశాడు. తర్వాత చూపు గొడుగుల మీదికి తిప్పుకున్నాడు. "తెలిసినవన్నీ చెప్పుకుంటూ పోతే నాటకం నడవదు" అన్నాడు. "మాటదేముంది, ఒక్క మాటేగా."

చేతిలో సూది ఉంది. ఎందుకు గుచ్చలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఇంట్లో రెండు రోజులు ఇదే చర్చ. అమ్మ లోకం తెలిసినది. "ఒప్పుకో అక్కా. అనేది ఒక్క మాట, దక్కేది కుర్చీ. ఆ కుర్చీ లేకపోతే నువ్వు నెల రోజుల్లో మంచం పడతావు. నీ మొహం చూస్తూనే ఉన్నాగా" అంది. నేను ససేమిరా అన్నాను. "ఒక్కసారి క్షమించు అన్నావంటే నిద్రపోయానని సంతకం పెట్టినట్టే. అంతమంది ముందు ఒప్పుకున్న దొంగతనం మళ్ళీ ఎవరు చెరుపుతారు? చచ్చేదాకా నువ్వు నిద్రపోయిన ప్రాంప్టరువే" అన్నాను.

"ఇద్దరూ కరెక్టే" అంది పెద్దమ్మ.

ఐదువందలో ఆట రానే వచ్చింది. హాలు కిటకిటలాడింది. నాటకం ఎలాగో గట్టెక్కింది. చప్పట్లయ్యాక మేనేజరు ఉపన్యాసాల కోసం వేదిక మధ్య మైకు పెట్టించాడు. మహారాజుగారు కిరీటంతోనే ముందుకు వచ్చి, ఈ నాటకం మనకు నేర్పేది క్షమ అనీ, బలమున్నవాడు క్షమిస్తేనే ఆ బలానికి అందమనీ పది నిమిషాలు చెప్పాడు. మా సొంత కుటుంబంలోనే ఒకరి వల్ల ఒక పొరపాటు జరిగిందన్నాడు. పెద్దమ్మను పిలిచాడు. నేను చాటులో, ఆవిడ పాత కుర్చీ పక్కన నిలబడి చూస్తున్నాను.

అరవై రెండేళ్ళ మనిషి మొదటిసారి వెలుగులోకి వచ్చింది. ఇస్త్రీ చేసిన బూడిదరంగు చీర. తమ్ముడు నిలబడే చోట నిలబడింది. మేనేజరు మైకు ఆవిడ ముందుకు జరిపాడు. మహారాజుగారు పక్కన, జనం వైపు తిరిగి, చెయ్యెత్తడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆయన ఆవిడ వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం ఏముంది, రావాల్సిన మాట తెలిసిందేగా.

పెద్దమ్మ ఆయన వైపు తిరగబోయి, మైకు తీగ కాలికి తగిలి ఆగింది. జనం వైపే మొహం పెట్టి అంది. మొదటి వరుస దాటదన్న గొంతు మైకులోంచి ఆఖరి వరుస దాకా వెళ్ళింది.

"నేను నిద్రపోలేదు."

మహారాజుగారు చెయ్యెత్తి, కళ్ళు సగం మూసి, ఐదువందలసార్లు అన్న గొంతుతో అన్నాడు.

"క్షమించాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో "ఏమన్నాడు?" అని పక్కవాళ్ళను అడిగారు. పెద్దమ్మ కూడా బిత్తరపోయింది. ఆయన పరువు తీయాలని ఆవిడ అనలేదు, అది నేను ప్రమాణం చేసి చెబుతాను. తన ఒక్క మాట చెప్పుకుని వచ్చేద్దామనుకుంది, అంతే. ఆయన మాత్రం జనం కరగడం కోసం ఎదురుచూస్తూ, ఇంకాస్త ఘనంగా, "మనస్ఫూర్తిగా క్షమించాను" అన్నాడు.

ఈసారి గట్టిగానే నవ్వారు. నవ్వు వినబడకపోయినా నోళ్ళు కనబడతాయి. మహారాజుగారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మొహంలో రంగు కింద రంగు మారింది. ఏదో జరిగింది, ఏమిటో తెలియదు, ఏం చెప్పాలో తెలియదు. ఏడేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? ఆయన తల మెల్లగా పెద్దమ్మ వైపు తిరిగింది. కళ్ళు ఆవిడ పెదవుల మీద నిలిచాయి.

ఆ క్షణంలో ఆవిడ ఏ మాట అందిస్తే అది పలికేవాడు. నాటకంలో రాజుకు మంత్రముందంటారు, అదంతా వట్టి రంగు కర్ర. అసలు బలం ఆ ఘడియలో బూడిదరంగు చీర కట్టుకుని నిలబడింది. నేనైతే ఊరుకునేదాన్ని. మునగనీ అనేదాన్ని. పెద్దమ్మ ఆయన వైపు పూర్తిగా తిరిగి, పెదవులు స్పష్టంగా కదిపి, మొదటి మాట మాత్రం అందించింది.

"దీపం."

"దీపం" అన్నాడు మహారాజుగారు పైకి.

ఆ తర్వాత మాట ఆయనది. హాలంతా చూస్తోంది. పెద్దమ్మ ఇంకేమీ అందించలేదు. ఆయన ఆవిడ వంక, జనం వంక, మళ్ళీ ఆవిడ వంక చూశాడు. చెయ్యి దించాడు. గొంతు సవరించుకున్నాడు.

"దీపం ఆరిపోయింది" అన్నాడు. "ఆవిడ నిద్రపోలేదు. నాకు ఏడేళ్ళుగా వినిపించదు. ఆవిడ పెదవులు చూసి మాట్లాడుతున్నాను. ఆ రోజు దీపం ఆరిపోయి నాకు కనబడలేదు. తప్పు ఆవిడ మీద పెట్టాను."

ఇప్పుడు వినండి, నా కోపానికి అసలు కారణం. హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు, చప్పట్లు, ఆగకుండా చప్పట్లు. ఆయనకు! ఎంత గొప్ప మనసు, ఎంత నిజాయితీ, వినబడకుండానే ఇన్నేళ్ళు ఆడాడే అని ఏడ్చారు. పూలగుత్తులు ఆయన చేతికే వెళ్ళాయి. మర్నాడు పత్రికల్లో ఆయన బొమ్మ పెద్దగా వేసి, మహానటుడి మహా ఒప్పుకోలు అని రాశారు. మా పెద్దమ్మను "ఒక ప్రాంప్టరు" అన్నారు. ఏడేళ్ళు వాడుకున్నాడని ఎవరూ అనలేదు, నెలల తరబడి నింద మోయించాడని ఎవరూ అనలేదు, చివరికి ఏమీ తోచక, గత్యంతరం లేక నిజం చెప్పినందుకు ఆ మనిషి దేవుడైపోయాడు. కుర్చీ పెద్దమ్మకు తిరిగి వచ్చింది, పేరూ వచ్చింది, అబద్ధమెందుకు చెప్పాలి. బావమరిదిని గొడుగుల గదికి పంపారు. అక్కడ కూడా అరుస్తూనే ఉన్నాడు. మా అమ్మ సంతోషించింది. నేను మాత్రం ఆ చప్పట్లు మరిచిపోలేదు.

ఆ రోజు తెర పడ్డాక, అందరూ ఆయన చుట్టూ మూగి వదిలాక, మహారాజుగారు చాటులోకి వచ్చాడు. పెద్దమ్మ తన కుర్చీలో కూర్చుని ఉంది. ఆయన చేతినిండా పూలు. మొహం వెలిగిపోతోంది.

"చెప్పేశాను చూశావా, అందరి ముందూ" అన్నాడు. "ఇక నీ మనసులో ఏమీ లేదుగా? క్షమించేశావా?"

పెద్దమ్మ దీపం తన మొహం మీదికి వంచుకుంది. ఆయనకు ఒక్క అక్షరం కూడా తప్పిపోకుండా, విడమరిచి అంది.

"అడగందే అమ్మైనా అన్నం పెట్టదండీ. మీరింకా అడగలేదు."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. ఐదువందలసార్లు ఎదుటివాడి నోట పలికించిన ఆ చిన్న మాట ఆయన పాత్రలో ఎన్నడూ లేదు. పూలు పట్టుకుని, తల కొద్దిగా వంచి, ఆవిడ పెదవుల వంక చూస్తూ నిలబడ్డాడు.

పెద్దమ్మ పెదవులు కదపలేదు.